వంద ‘వద్దు’ల నడుమ ఒక్క ‘సరే’
ఉప్పల్, నాచారం టెలికాలర్ల కొలువులో ఒత్తిడి ఎక్కడ పుడుతోంది? చేరేముందు తెలుసుకోవాల్సినవేమిటి?

ఉప్పల్: ఉదయం తొమ్మిది దాటింది. వరంగల్ వైపు నుంచి వచ్చిన బస్సులు ఒకదాని వెనుక ఒకటి ఉప్పల్ రింగురోడ్డు వద్ద ఆగుతున్నాయి. దిగినవారిలో కొందరు మెట్రో స్టేషన్ మెట్ల వైపు, మరికొందరు హబ్సిగూడ, నాచారం వెళ్లే బస్సుల వైపు అడుగులు వేస్తున్నారు. భుజాన సంచి, అందులో టిఫిన్ డబ్బా, చేతిలో ఫోను. డిగ్రీ పూర్తిచేసి ఏడాదో రెండేళ్లో అయిన యువతీయువకులు. పది గంటలకల్లా వీరిలో కొందరు చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని రోజంతా ఒకే మాట పలుకుతారు. ‘‘నమస్తే సార్, ఒక్క నిమిషం మాట్లాడవచ్చా?’’

అవతలి వ్యక్తి వీరికి తెలియదు. వీరు ఆయనకు తెలియదు. ఆయన ప్లాటు కావాలని అడగలేదు, క్రెడిట్ కార్డు కోరలేదు, బీమా గురించి ఆరా తీయలేదు. అయినా ఒప్పించాలి. సాయంత్రానికి ఇన్ని కాల్స్, వారానికి ఇన్ని సైట్ విజిట్లు, నెలకు ఇన్ని అమ్మకాలు చూపించాలి. చూపించలేనివారు మూడు నెలలు తిరగకముందే మానేయడమో, మాన్పించడమో జరుగుతుంది. ఊరికి వెళ్లాక ‘‘వాడికి మాట్లాడటం రాదు, అందుకే నిలవలేకపోయాడు’’ అన్న మాట మిగులుతుంది.

ఆ మాట ఎంతవరకు నిజం? ఈ కొలువును విడమరచి చూస్తే మరో సంగతి బోధపడుతుంది. ఒత్తిడి టెలికాలర్ అసమర్థత వల్ల కాక, ఈ వ్యాపారం నడిచే లెక్కలోనే పుడుతోంది. ఆ లెక్క తెలియకుండా చేరినవారు తప్పంతా తమదేనని భావించి కుంగిపోతున్నారు.

ఇక్కడే ఎందుకు?

ఉప్పల్, నాచారం ఒకప్పుడు ఫ్యాక్టరీ సైరన్ల ప్రాంతాలు. రెండుచోట్లా పారిశ్రామిక వాడలున్నాయి. కాలక్రమంలో హబ్సిగూడ - ఉప్పల్ మార్గంలో జెన్‌ప్యాక్ట్ వంటి పెద్ద సంస్థల ప్రాంగణాలు వెలిశాయి. నాగోలు - అమీర్‌పేట మార్గంలో 2017 నవంబరులో మెట్రో రైలు మొదలైంది. నగరానికి పడమర పక్కనే కేంద్రీకృతమైన ఐటీ రంగాన్ని నలుదిక్కులా విస్తరించేందుకు 2020లో రాష్ట్ర ప్రభుత్వం ‘గ్రిడ్’ విధానం తెచ్చింది. దాని కింద ఉప్పల్, నాచారం వంటి పారిశ్రామిక వాడల్లోని కొన్ని స్థలాలను ఐటీ పార్కులుగా మార్చుకునేందుకు అనుమతులు లభించాయి.

పెద్ద ప్రాంగణాల్లోని కొలువులు వేరు. ఇక్కడ ప్రస్తావిస్తున్నవి ప్రధాన రహదారి వెంట, దుకాణాల పైఅంతస్తుల్లో, పది పదిహేను కుర్చీలతో నడిచే చిన్న కార్యాలయాల సంగతి. రుణాలు, క్రెడిట్ కార్డులు, బీమా, కోచింగ్ కోర్సులు.. అన్నీ ఫోను మీదే అమ్ముతారు. అయితే ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన సరుకు ఒకటుంది. అది వరంగల్ రహదారి వెంట ఉన్న ఇళ్ల స్థలాలు.

ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, యాదగిరిగుట్ట.. ఈ దారికి ఉప్పల్ ముఖద్వారం. బీబీనగర్‌లో ఎయిమ్స్ వచ్చింది. యాదగిరిగుట్ట ఆలయం పునర్నిర్మాణం పూర్తిచేసుకుని 2022 మార్చిలో భక్తులకు తిరిగి తెరుచుకుంది. ఈ రెండు పేర్లూ ప్లాట్ల అమ్మకందారుల నోట నిత్యం వినిపిస్తాయి. కొనేవారిని ఆదివారం ఉప్పల్ నుంచి కారులో ఉచితంగా తీసుకెళ్లి, వెంచరు చూపించి, భోజనం పెట్టి తీసుకొస్తారు. దీన్నే ‘సైట్ విజిట్’ అంటారు. ఆ కారులో మనిషిని కూర్చోబెట్టడమే టెలికాలర్ పని.

కాల్ వెనుక లెక్క

ఈ పని ఎలా నడుస్తుందో అర్థం కావడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇవి సర్వే అంకెలు కావు, లెక్క తేలిక కోసం అనుకున్నవి మాత్రమే.

ఒక టెలికాలర్ రోజుకు 200 నంబర్లకు ఫోన్ చేస్తారనుకుందాం. తొమ్మిది గంటల షిఫ్టులో గంట విరామం తీసేస్తే మిగిలేది 480 నిమిషాలు. అంటే ఒక్కో నంబరుకు దక్కేది రెండు నిమిషాల 24 సెకన్లు. అందులోనే ఫోను మోగాలి, ఎత్తాలి, మాట్లాడాలి, వివరాలు కంప్యూటర్‌లో నమోదు చేయాలి. 200లో 120 నంబర్లు ఎత్తరు లేదా స్విచ్ఛాఫ్ వస్తాయి. ఎత్తిన 80 మందిలో 60 మంది పది సెకన్లలోపే పెట్టేస్తారు. 20 మంది కాస్త వింటారు. వారిలో నలుగురు ‘‘వాట్సాప్‌లో వివరాలు పంపండి’’ అంటారు. చివరికి ఒక్కరు ఆదివారం వస్తానంటారు.

నెలకు 25 పనిదినాలు. మొత్తం 5,000 నంబర్లు, 25 సైట్ విజిట్లు. ఆ పాతిక మందిలో ఒక్కరు కొన్నారనుకుంటే నెలకు ఒక ప్లాటు. గజం రూ.10 వేల చొప్పున 200 గజాల ప్లాటు ధర రూ.20 లక్షలు. టెలికాలర్ స్థిర జీతం రూ.15 వేలు అయితే అది ప్లాటు ధరలో ముప్పావు శాతం మాత్రమే. సంస్థకు ఒక్క ‘సరే’ దొరికితే చాలు, మిగిలిన 4,999 కాల్స్ ఖర్చు తేలిగ్గా గిట్టుబాటవుతుంది. కానీ ఫోన్ ఎత్తినవారి ‘వద్దు’లన్నింటినీ చెవులతో విన్నది మాత్రం టెలికాలరే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. అదే కార్యాలయంలో పదిమంది పనిచేస్తున్నారనుకుంటే సగటున నెలకు పది ప్లాట్లు అమ్ముడవుతాయి. దాన్ని చూసి యాజమాన్యం ‘మనిషికి ఒక్కటి’ అని టార్గెట్ పెడుతుంది. చూడటానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఎవరి జాబితాలో కొనే మనిషి నంబరు ఉందో ముందుగా ఎవరికీ తెలియదు. సగటు ఒకటైనప్పుడు, అందరూ సమానంగా శ్రమించినా, సమాన నేర్పు చూపినా, సంభావ్యత లెక్కల ప్రకారం దాదాపు 37 శాతం మందికి ఆ నెల ఒక్క అమ్మకమూ దక్కదు. అంటే పదిమందిలో ముగ్గురు నలుగురు ఏ తప్పూ చేయకుండానే సున్నా వద్ద నిలుస్తారు. మరొకరికి రెండో మూడో తగులుతాయి. ఉదయం సమావేశంలో ఆ ఒక్కరికి చప్పట్లు కొట్టించి, మిగిలినవారిని నిలబెట్టి మందలించడం జరుగుతుంది. వచ్చే నెల వారి స్థానాలు తారుమారు కావచ్చు.

నేర్పుకు విలువ లేదని దీని అర్థం కాదు. స్పష్టంగా మాట్లాడేవారికి, వివరాలు తెలిసినవారికి ఏడాది మొత్తం మీద ఫలితం మెరుగ్గానే ఉంటుంది. అయితే ఒక్క నెల ఫలితంతో మనిషి సామర్థ్యాన్ని తూచడం మాత్రం లెక్కకు నిలవదు.

తెర మీద గడియారం

కొంచెం పెద్ద కార్యాలయాల్లో నంబరు నొక్కే పని మనిషికి ఉండదు. ‘ఆటో డయలర్’ అనే సాఫ్ట్‌వేర్ ఆ పని చేస్తుంది. చాలామంది ఫోన్ ఎత్తరన్న అంచనాతో అది ఒకేసారి ఎక్కువ నంబర్లకు కాల్ చేస్తుంది. ఎవరు ఎత్తితే ఆ కాల్‌ను ఖాళీగా ఉన్న టెలికాలర్‌కు కలుపుతుంది. అనుకున్నదానికంటే ఎక్కువమంది ఎత్తితే కొందరికి అవతల ఎవరి గొంతూ వినిపించదు. మనం ‘హలో హలో’ అని విసుగుచెంది పెట్టేసే మూగ కాల్స్‌లో కొన్ని ఇలాంటివే. ఆ విసుగుతో ఉన్న మనిషి తర్వాతి కాల్ ఎత్తినప్పుడు టెలికాలర్ నోరు తెరవకముందే కోపం సిద్ధంగా ఉంటుంది.

లాగిన్ అయిన సమయం, మాట్లాడిన సమయం, రెండు కాల్స్ మధ్య విరామం, మంచినీళ్లకు లేచిన నిమిషాలు.. అన్నీ తెర మీద నమోదవుతాయి. ఒక కాల్ ముగియగానే మరొకటి చెవిలో పడుతుంది. ఒకరు తిట్టి పెట్టేసిన మరుక్షణం ఇంకొకరికి నవ్వుతూ నమస్కారం చెప్పాలి.

దీనిపై ఇతర దేశాల్లో చాలాకాలం క్రితమే అధ్యయనం జరిగింది. పని భారం ఎక్కువగా ఉండి, ఆ పనిని ఎలా చేయాలన్న నిర్ణయాధికారం తక్కువగా ఉన్నచోట మానసిక ఒత్తిడి అధికమవుతుందని అమెరికా పరిశోధకుడు రాబర్ట్ కరాసెక్ 1979లో వివరించారు. విమాన పరిచారికలను పరిశీలించిన సామాజికవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో మరో సంగతి చెప్పారు. లోపలి భావాన్ని అణచుకుని కోరిన భావాన్ని పైకి చూపడం కూడా శ్రమేనని, జీతం కోసం చేసే ఆ శ్రమ మనిషిని అలసటకు గురిచేస్తుందని ఆమె సూత్రీకరించారు. టెలికాలర్ పనిలో ఈ రెండూ కలిసే ఉన్నాయి. ఎప్పుడు, ఎవరికి, ఏమని ఫోన్ చేయాలో నిర్ణయించే అధికారం లేదు. తిట్టు తిన్నా గొంతు మారకూడదు. తీవ్ర పని ఒత్తిడి వల్ల కలిగే నిస్సత్తువను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వృత్తి సంబంధ సమస్యగా గుర్తించింది.

మొదటి కాల్ బంధువులకే

పల్లెల నుంచి వచ్చినవారికి మరో పరీక్ష ఎదురవుతుంది. చేరిన మొదటి వారంలోనే ‘‘మీ ఫోనులో ఉన్న నంబర్ల జాబితా రాయండి. మీ వాళ్లతోనే మొదలుపెట్టండి’’ అని చెప్పడం ఈ రంగంలో పరిపాటి. దానికి కారణం లేకపోలేదు. తెలియని మనిషి పది సెకన్లలో పెట్టేస్తాడు. మేనమామ పెట్టేయడు. చిన్నాన్న పూర్తిగా వింటాడు. వరుసకు అన్న అయినవాడు మొహమాటానికైనా ఆదివారం కారెక్కుతాడు. ఏళ్ల తరబడి నిలబెట్టుకున్న నమ్మకాన్ని సంస్థ ఒక్క రోజులో వాడుకుంటుంది.

ప్లాటు మంచిదైతే పేచీ లేదు. అనుమతి లేని లేఅవుట్ అయినా, ప్రీలాంచ్ పేరుతో తీసుకున్న డబ్బు తిరిగి రాకపోయినా చిక్కంతా ఊళ్లో మొదలవుతుంది. బంధువు సంస్థ కార్యాలయం చుట్టూ తిరగడు. నేరుగా ఫోన్ చేసిన పిల్లవాడి ఇంటికే వస్తాడు. పత్తి అమ్మిన డబ్బో, ఆడపిల్ల పెళ్లికి దాచిన డబ్బో పోయిందని తండ్రిని నిలదీస్తాడు. పిల్లవాడు ఆ కొలువు మానేసి ఆరు నెలలై ఉండవచ్చు. అతనికి ఆ అమ్మకంపై వచ్చింది కొన్ని వేల ఇన్సెంటివ్ మాత్రమే కావచ్చు. పండుగలకు, పెళ్లిళ్లకు ఎదురుపడలేని పరిస్థితి మాత్రం ఏళ్ల తరబడి మిగులుతుంది.

అందుకే స్థలాలు అమ్మే కార్యాలయంలో చేరేవారు స్థిరాస్తి చట్టం గురించి కొన్ని సంగతులు తెలుసుకుని ఉండటం తప్పనిసరి. 2016లో వచ్చిన ఈ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన లేఅవుట్‌ను రెరాలో నమోదు చేయకుండా ప్రకటన ఇవ్వడం, అమ్మడం, బుకింగ్ తీసుకోవడం కుదరదు. నమోదు కాని ప్రాజెక్టులో ‘ప్రీలాంచ్ ధర’ అంటూ డబ్బు తీసుకోవడం దీని కిందకే వస్తుంది. ఉల్లంఘించిన నిర్మాణదారుకు ప్రాజెక్టు అంచనా వ్యయంలో పది శాతం వరకు జరిమానా పడవచ్చు. కమీషన్‌పై అమ్మిపెట్టే మార్కెటింగ్ సంస్థ కూడా ఏజెంటుగా నమోదై ఉండాలి. తెలంగాణ రెరా ఇచ్చే ప్రాజెక్టు నంబరు ఇంగ్లిషు ‘పి’ అక్షరంతో, ఏజెంటు నంబరు ‘ఏ’ అక్షరంతో మొదలవుతాయి. రెరా వెబ్‌సైట్‌లో రెండింటినీ ఎవరైనా ఉచితంగా సరిచూసుకోవచ్చు.

ధరలో పది శాతానికి మించి తీసుకోవాలంటే ముందుగా రాతపూర్వక విక్రయ ఒప్పందం చేసుకుని రిజిస్టర్ చేయాలి. పై ఉదాహరణలో రూ.20 లక్షల ప్లాటుకు ఒప్పందం లేకుండా తీసుకోగలిగేది రూ.2 లక్షలే. ‘‘ఈ రోజే సగం కడితే ఆఫర్’’ అని చెప్పమంటే అక్కడే ఆగి ఆలోచించాలి.

రికార్డులో ఉండేది ఎవరి గొంతు?

‘‘సార్, అన్ని అనుమతులూ ఉన్నాయి. రెండేళ్లలో ధర రెట్టింపు అవుతుంది.’’ ఇలాంటి మాటలు కాగితం మీద రాసి ఉండవు. ఉదయం సమావేశంలో టీమ్ లీడర్ నోటిమాటగా చెబుతాడు. టెలికాలర్ వాటిని రోజుకు పదులసార్లు వల్లిస్తారు. తీరా వివాదం వస్తే ఏమవుతుంది? కాల్ రికార్డులో వినిపించేది టెలికాలర్ గొంతు మాత్రమే. ఇలా చెప్పమని పురమాయించిన వ్యక్తి గొంతు అందులో ఉండదు.

అబద్ధమని తెలిసి చెప్పి ఎదుటివారి చేత డబ్బు కట్టిస్తే అది మోసం కిందకు వస్తుంది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ దీనికి సంబంధించినదే. నకిలీ కాల్ సెంటర్లపై దాడులు జరిగిన సందర్భాల్లో యజమానులతోపాటు టెలికాలర్లు సైతం నిందితులుగా నిలిచిన ఉదంతాలున్నాయి. ‘నాకు చెప్పమన్నారు, చెప్పాను’ అన్న సమాధానం అన్నివేళలా కాపాడదు. అందుకే మాట్లాడాల్సిన స్క్రిప్టును రాతపూర్వకంగా ఇవ్వమని అడగాలి. కనీసం సంస్థ నుంచి వాట్సాప్‌లో వచ్చిన సందేశాన్నైనా భద్రపరుచుకోవాలి. రాసి ఇవ్వడానికి వెనుకాడే మాటను ఫోనులో పలకకపోవడమే క్షేమం.

సిమ్ మీ పేరున ఉంటే..

చిన్న కార్యాలయాల్లో మరో ప్రమాదం పొంచి ఉంది. ఉద్యోగుల సొంత సిమ్ కార్డులతోనో, వారి పేరున కొత్తగా తీయించిన సిమ్‌లతోనో కాల్స్ చేయిస్తారు. నిబంధనల ప్రకారం ఇది చెల్లదు.

అవాంఛిత వాణిజ్య కాల్స్‌పై టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2007లోనే నిబంధనలు తెచ్చింది. ఆ ఏడాదే ‘డు నాట్ కాల్’ జాబితా మొదలైంది. 2010లో, తిరిగి 2018లో వాటిని కఠినతరం చేసింది. వాణిజ్య ప్రచార కాల్స్ చేసే సంస్థలు నమోదు చేసుకుని 140తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయాలి. బ్యాంకుల వంటి ఆర్థిక సంస్థలు ఖాతాదారులకు చేసే సేవా సంబంధ కాల్స్ కోసం 1600 సిరీస్ కేటాయించారు. మామూలు పది అంకెల మొబైల్ నంబరు నుంచి ప్రచార కాల్స్ చేయడం ఉల్లంఘనే.

2025 ఫిబ్రవరిలో చేసిన సవరణతో పట్టు మరింత బిగిసింది. అంతకుముందు ఏడు రోజుల్లో పది ఫిర్యాదులు వస్తే చర్య తీసుకునేవారు. ఇప్పుడు పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు చాలు. మొదటి ఉల్లంఘనకు ఆ వ్యక్తి లేదా సంస్థ పేరున ఉన్న కనెక్షన్లన్నింటి నుంచి బయటకు వెళ్లే కాల్స్‌ను 15 రోజులు నిలిపివేస్తారు. పునరావృతమైతే ఏడాదిపాటు కనెక్షన్లన్నీ రద్దుచేసి నిషేధిత జాబితాలో చేరుస్తారు. సిమ్ టెలికాలర్ పేరున ఉంటే ఈ దెబ్బ తగిలేది టెలికాలర్‌కే. బ్యాంకు ఓటీపీలు, ఆధార్, గ్యాస్ బుకింగ్ అన్నీ ముడిపడి ఉన్న సొంత నంబరు మూగబోతుంది. సంస్థ మాత్రం మరో ఉద్యోగి పేరున మరో సిమ్ తీస్తుంది.

తమ పేరున ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో ‘సంచార్ సాథీ’ పోర్టల్‌లో చూసుకోవచ్చు. తమవి కానివాటిని అక్కడే తొలగించమని కోరవచ్చు. కొలువు మానేసిన రోజే ఈ పని చేయడం మంచిది.

జీతం మాట కాగితం మీద

‘‘జీతం ప్లస్ ఇన్సెంటివ్’’ అన్న బోర్డుల్లో రెండో మాట పెద్దగా, మొదటిది చిన్నగా కనిపిస్తుంది. ఆశపడాల్సింది మొదటి దాన్ని చూసి.

2025 నవంబరు 21 నుంచి దేశంలో నాలుగు కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. నెల జీతం తర్వాతి నెల ఏడో తేదీలోగా చెల్లించాలి. ఉద్యోగి మానేసినా, మాన్పించినా రావాల్సిన వేతనాన్ని రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ‘‘45 రోజుల తర్వాత రండి’’ అనడానికి వీల్లేదు. జీతంలో ఏయే కారణాలకు కోత పెట్టవచ్చో చట్టంలో జాబితా ఉంది. టార్గెట్ చేరకపోవడం ఆ జాబితాలో లేదు. ఇన్సెంటివ్ దక్కకపోవడం వేరు, పనిచేసిన రోజుల స్థిర జీతం కోసేయడం వేరు. ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

రాష్ట్రంలో వాణిజ్య సంస్థలకు రోజుకు పది గంటల వరకు పని చేయించుకునే వెసులుబాటును 2025 జులైలో ప్రభుత్వం కల్పించింది. అయితే వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది. దాటితే ఓవర్‌టైమ్ చెల్లించాలి. ఆదివారం సైట్ విజిట్లకు పిలిస్తే వారంలో మరో రోజు సెలవు ఇవ్వాలి. దుకాణాలు, సంస్థల చట్టం కింద ఆరు నెలలు నిరంతరాయంగా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తొలగించాలంటే నెల రోజుల ముందు నోటీసు గానీ, నెల జీతం గానీ ఇవ్వాలి.

పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలో రూ.21 వేల వరకు జీతం ఉన్నవారికి ఈఎస్ఐ వర్తిస్తుంది. రూ.15 వేల జీతానికి ఉద్యోగి వాటా రూ.112.50, యజమాని వాటా రూ.487.50. నాచారంలోనే ఈఎస్ఐ ఆసుపత్రి ఉన్నా, కార్డు లేక అదే వీధిలోని ప్రైవేటు క్లినిక్‌లో డబ్బు కట్టాల్సి వస్తే ఆ నష్టం ఎవరిదో ఆలోచించాలి. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో భవిష్యనిధి తప్పనిసరి. జీతం నుంచి కోస్తున్న సొమ్ము ఖాతాలో జమవుతోందో లేదో యూఏఎన్ పాస్‌బుక్‌లో ప్రతి నెలా చూసుకోవచ్చు. బకాయిలపై సహాయ కార్మిక అధికారి కార్యాలయంలో ఫిర్యాదు చేయవచ్చు.

గొంతు, మనసు

రోజంతా మాట్లాడేవారికి ముందుగా దెబ్బతినేది గొంతు. తరచూ గోరువెచ్చని నీళ్లు తాగడం, గట్టిగా అరవకుండా మైకును నోటికి దగ్గరగా పెట్టుకోవడం, గంటకోసారి రెండు మూడు నిమిషాలు మౌనంగా ఉండటం మేలు చేస్తాయి. బొంగురు రెండు మూడు వారాలకు మించి తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యుణ్ని కలవాలి. హెడ్‌సెట్ శబ్దం తగ్గించుకోవాలి. ఒకే హెడ్‌సెట్‌ను షిఫ్టులు మారి వాడేచోట సొంత స్పాంజి కవర్లు తెచ్చుకోవడం ఉత్తమం.

మనసు సంగతి అంతకంటే ముఖ్యం. ఫోను పెట్టేసినవాడు తిట్టింది మనిషిని కాదు, తన పనికి కలిగిన ఆటంకాన్ని. కాల్ చేసినవారి పేరైనా అతనికి గుర్తుండదు. ఈ మాట అనుకోవడం తేలిక, రోజుకు అరవైసార్లు పాటించడం కష్టం. నిద్రపట్టకపోవడం, ఉదయం ఆఫీసు పేరు చెబితేనే గుండెదడ, ఇంట్లో ఫోను మోగితే ఉలికిపాటు వంటివి కొనసాగితే ఉపేక్షించరాదు. 2022లో ప్రారంభమైన ‘టెలి మానస్’ 14416 నంబరుకు ఏ సమయంలోనైనా ఫోన్ చేసి తెలుగులో ఉచితంగా మాట్లాడవచ్చు.

మహిళా టెలికాలర్లకు అవతలి నుంచి అసభ్య మాటలు ఎదురవడం మరో బాధ. ‘కస్టమర్ కదా, ఓర్చుకో’ అని సర్దిచెప్పడం సరికాదు. అలాంటి కాల్‌ను మధ్యలోనే ముగించే హక్కు ఉద్యోగికి ఉండాలి. రికార్డు చేతిలో ఉంటుంది కనుక షీ టీమ్స్‌కు ఫిర్యాదు చేయవచ్చు. పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో లైంగిక వేధింపులపై విచారించే అంతర్గత కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం చెబుతోంది.

చేరేముందు ఇవి చూసుకోండి

* ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు, డిపాజిట్, శిక్షణ రుసుము అడిగితే వెనుదిరగండి.
* ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి తిరిగి తెచ్చుకోండి. వాటిని తాకట్టుగా వదిలి రావద్దు.
* నియామక పత్రంలో స్థిర జీతం ఎంత, ఇన్సెంటివ్ ఎప్పుడు, ఏ షరతుపై ఇస్తారో రాసి ఉండాలి. బుకింగ్‌కా, రిజిస్ట్రేషన్‌కా అన్నది అడగండి. కొన్నవారు మధ్యలో మానుకుంటే ఇచ్చిన ఇన్సెంటివ్ తిరిగి కోస్తారా అన్నదీ తెలుసుకోండి.
* సంస్థకు టెలిమార్కెటర్‌గా నమోదు, 140 నంబర్లు ఉన్నాయా? సొంత సిమ్‌తో కాల్స్ చేయమంటే అంగీకరించవద్దు.
* స్థలాలు అమ్మే సంస్థ అయితే రెరా నంబర్లు సరిచూడండి.
* ఫోన్ చేయాల్సిన నంబర్ల జాబితా ఎక్కడిదని అడగండి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడి దశలవారీగా అమలవుతున్నాయి. అనుమతి లేని జాబితాలతో నడిచే కార్యాలయాలకు ఇకపై గడ్డుకాలమే.
* బంధువులకు అమ్మాల్సి వస్తే ఒక్కటే గీటురాయి. ఆ ప్లాటును సొంత డబ్బుతో మీ నాన్న చేత కొనిపిస్తారా?

ఫోన్ ఎత్తేవారికీ ఒక మాట

అవాంఛిత కాల్స్ వద్దనుకునేవారు 1909కు ఫోన్ చేసి తమ నంబరును డీఎన్‌డీలో నమోదు చేసుకోవచ్చు. నమోదు కాని నంబర్ల నుంచి ప్రచార కాల్ వస్తే ఏడు రోజుల్లోగా అదే నంబరుకు గానీ, ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో గానీ ఫిర్యాదు చేయాలి. ఇందుకు ముందుగా డీఎన్‌డీ నమోదు ఉండాల్సిన అవసరం లేదు. క్రెడిట్ కార్డుల కోసం ఉదయం 10 నుంచి సాయంత్రం 7 గంటల మధ్యనే సంప్రదించాలన్నది రిజర్వు బ్యాంకు 2022 నాటి ఆదేశం. మోసం జరిగి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఫోనులో నచ్చజెప్పగా తీసుకున్న బీమా పాలసీ నచ్చకపోతే పత్రం అందిన 30 రోజుల్లోగా వెనక్కి ఇచ్చేయవచ్చు.

బ్రిటన్ పింఛను పథకాల అమ్మకానికి ఇలా అడగని ఫోన్లు చేయడాన్ని 2019లో నిషేధించింది. జర్మనీలో వినియోగదారుడి ముందస్తు సమ్మతి లేకుండా అమ్మకం కాల్ చేయడమే చట్టవిరుద్ధం. మన దగ్గర కట్టడి క్రమంగా బిగుస్తోంది. అది పూర్తయ్యేలోగా మధ్యలో నలిగేది కుర్చీలో కూర్చున్న పిల్లలే. అందుకే ఫిర్యాదు సంస్థపై చేయాలి, తిట్టు మనిషిని తిట్టకూడదు. ‘‘వద్దమ్మా, మళ్లీ చేయకండి’’ అని చెప్పి పెట్టేయడానికి మూడు సెకన్లు చాలు.

రాత్రి ఎనిమిది దాటాక ఉప్పల్ రింగురోడ్డు వద్ద భువనగిరి, జనగామ బస్సుల కోసం మళ్లీ అవే ముఖాలు కనిపిస్తాయి. ఉదయం కంటే గొంతులు బొంగురుగా ఉంటాయి. ఇంటికి చేరాక తల్లి ‘‘ఇవాళ ఎట్లుంది బిడ్డా?’’ అని అడుగుతుంది. టార్గెట్ ఎంత అయిందన్నది దానికి జవాబు కాదు. ఆ రోజు ఫోనులో అబద్ధం ఆడకుండా జీతం సంపాదించగలిగామా అన్నదే జవాబు. ఆ మాట ధైర్యంగా చెప్పగలిగే కార్యాలయాన్ని వెతుక్కోవడమే ఈ కొలువులో నెగ్గుకురావడానికి తొలి మెట్టు.